నేస్తం పేరు

కిందటి వారం మనం అసిరయ్యను కులసభ మధ్యలో తలవంచుకుని నిలబడి ఉండగా వదిలేశాం. పాపం, రాత్రంతా అక్కడే నిలబడలేదు లెండి. కులపెద్ద లక్ష్ముడు ఒక్క పొద్దు గడువిచ్చి సభ ఎత్తేశాడు. రేపు ఎండ చల్లబడ్డాక మళ్ళీ కూర్చుంటాం, అప్పటికి నోరు విప్పితే సరే, విప్పకపోతే వెలి అని చెప్పి, తువ్వాలు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

వెలి అంటే చిన్న మాట కాదు. ఒక్కడే తెప్పను నీళ్ళలోకి దింపలేడు. వలతాడుకు ఇంకో చెయ్యి పడకపోతే సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని పస్తుండాల్సిందే. పెళ్ళాం చేపల తట్టతో వెళ్తే పక్కన ఏ ఆడదీ నడవదు. పొయ్యిలో నిప్పారిపోతే పక్కింట్లో నిప్పు దొరకదు. అసిరయ్య ఆ పాలెంలో పుట్టి, ఆ ఒడ్డున పెరిగి, తన తెప్ప మీద తండేలుగా పదిమందిని సముద్రం మీదికి తీసుకెళ్ళి తీసుకొచ్చినవాడు. అలాంటివాడికి ఆ సాయంత్రంతో మనుషులు లేకుండా పోతారు.

గొడవంతా సోములు గురించి. ఆ ఏడు, అంటే అరవై ఎనిమిదిలో, ఆ నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చింది. భోగాపురం దిగువన ఒడ్డు పొడుగునా ఉన్న పాలేలన్నీ ఈసారి ఎవరి జెండా మొయ్యం, మన మనిషినే నిలబెట్టుకుంటాం అని గంగమ్మ గుడి ముందు ఒట్టేసుకున్నాయి. అలా నిలబడినవాడు అప్పలసూరి. దానమ్మకు అన్న, దానమ్మ మొగుడైన అసిరయ్యకు బావ. అతనికి ఎదురుగా ఇద్దరున్నారు. ఒకడు అధికార పార్టీ గణపతిరావు, డబ్బుకు కొదవలేని మారాజు. ఇంకొకడు ప్లీడరు నరసింగరావు, పాలేలవాళ్ళ మీద ఎప్పుడు కేసు పడినా ఫీజు అడక్కుండా కోర్టు మెట్లెక్కినవాడు.

అప్పలసూరి కోసం ఊరూరా తిరిగి గొంతు పోగొట్టుకున్న పడుచువాడు సోములు. తిరగగా తిరగగా అతనికే అనుమానం తగిలింది. మనం నరసింగరావు ఓట్లు చీల్చి గణపతిరావును గెలిపించడం తప్ప ఒరగబెడుతున్నదేమిటి అన్నాడు అసిరయ్యతో. రేపట్నుంచి పాలెం పాలెం తిరిగి ఓట్లన్నీ ప్లీడరుగారికే వెయ్యమని చెబుతాను, ఈ పూటకి ఎవరి కంటా పడకుండా సరుగుడు తోటలో పడుకుంటాను అన్నాడు. తెల్లారేసరికి పోలీసులు సరిగ్గా ఆ తోట చుట్టే నిలబడ్డారు. విచారణ లేకుండా లోపల పెట్టే పి.డి. యాక్టు కింద ఎత్తుకుపోయారు. ఏ జైల్లో పెట్టారో తల్లి లక్ష్మణమ్మకు కూడా చెప్పలేదు.

సోములు ఎక్కడున్నాడో ఎవరితో అన్నావు అని సభ అడిగింది. ఆ రాత్రి ఒక్కరితోనే అన్నాను, పేరు మాత్రం అడక్కండి అన్నాడు అసిరయ్య. ఆ ఒక్కరు ఎవరో పాలెంలో చాలామందికి తెలియకపోలేదు. కానీ సభ కట్టుబాటు గట్టిది. మాట ఎవరికి చేరిందో చేరవేసిన నోరే పేరుపెట్టి చెప్పాలి. చెప్పకపోతే నేరం ఆ నోటిదే. ఇంకొకరు పక్కనుంచి అందించడానికి లేదు.

అసిరయ్య చెప్పలేడు. ఎందుకంటే ఆ ఒక్కరు అతని నేస్తం.

మన శ్రీకాకుళం, విజయనగరం పక్క నేస్తం కట్టుకోవడం అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబుతాను. పక్కపక్కన కూర్చుని చుట్ట కాల్చుకున్నంత మాత్రాన నేస్తం అయిపోరు. అమ్మవారి ముందు ఒకరితో ఒకరు బట్టలు మార్చుకోవాలి, ఒకే ఆకులో అన్నం తినాలి. ఆ రోజునుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలుచుకుంటారు. పరాయివాళ్ళ ముందు కూడా పేరు పలకరు. నేస్తం మీద నలుగురిలో నేరం మోపడం తోడబుట్టినవాడి మీద మోపడం కన్నా పాపం. కట్టుకున్నాక ఆ ఇంటి మంచీ చెడూ ఈ ఇంటివే.

రెండేళ్ళ కిందట నైలాను దారాలు అమ్ముకుంటూ వచ్చినవాడితో అసిరయ్య అలాంటి నేస్తం కట్టాడు. నూలు వలలు ఉప్పునీటికి కుళ్ళిపోతున్న రోజులవి. ఎక్కడా దొరకని చౌకకు దారం ఇచ్చాడతను. దానమ్మ జ్వరంతో మూలుగుతుంటే మందులు తెచ్చాడు. ఎన్నికలు వచ్చేసరికి జీపు సంపాదించాడు, మైకు సంపాదించాడు, గోడకంటించే కాగితాలు సంపాదించాడు. పట్నంలో మనబోటోళ్ళ మేలుకోరేటోళ్ళు ఉన్నారు నేస్తం, ఆళ్ళే పంపుతన్నారు అనేవాడు. పాలెమంతా అతణ్ణి దారాలాయన అని నెత్తిన పెట్టుకుంది.

ఇప్పుడు అసిరయ్య మనసులో ఉన్న ఉపాయం ఒక్కటే. ఎంత అమాయకుడో చూడండి. నేస్తాన్ని తను పేరెత్తి చెప్పకూడదు గాని, నేస్తమే తనంతట తను సభకొచ్చి, నాకు సెప్పినాడు గాని నాను ఎవులికీ సెప్పనేదు అని గంగమ్మ పసుపు ముట్టుకుని ఒట్టేస్తే సరిపోతుంది కదా. నేస్తం మీద అతనికి అనుమానం లేదు. ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందనే అనుకున్నాడు.

తెల్లవారగానే భోగాపురం దాకా నడిచి, బస్సెక్కి విజయనగరంలో దిగాడు. గంటస్తంభం దగ్గర దారాల కొట్టు వెతుక్కున్నాడు. తన సరుకంతా ఆ కొట్టునుంచే వస్తుందని నేస్తం ఎన్నోసార్లు చెప్పాడు.

"బాబూ, మా ఒడ్డుకి నైలాను దారాలు తెచ్చే ఆయన ఎక్కడుంటాడు?" అని అడిగాడు.

"ఏం పేరు?" అన్నాడు కొట్టాయన తలెత్తకుండానే.

"పేరు నాను సెప్పకూడదు బాబూ. నా నేస్తం."

కొట్టాయన ఈ పక్కవాడే కాబట్టి నవ్వలేదు. "అయితే పోలిక చెప్పు" అన్నాడు.

"సన్నగా ఉంటాడు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. మాటాడే ముందు గొంతు సవరించుకుంటాడు."

"ఓహో, ఆయనా! మా మనిషి కాదయ్యా. అందరిలాగే వచ్చి చిల్లర ధరకి కొనుక్కుపోతాడు. ఇంతకీ మీకెంతకిస్తున్నాడు?"

అసిరయ్య చెప్పాడు. కొట్టాయన చేతిలోని దారం కండె పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు.

"నా దగ్గర కొన్న ధరకన్నా తక్కువకే మీకు అమ్ముతున్నాడన్నమాట. ఇలాంటి వర్తకుణ్ణి నా జన్మలో చూడలేదు. నీ నేస్తానికి లాభం దారంలో లేదు నాయనా, ఇంకెక్కడో ఉంది. కంటోన్మెంటులో ఆ పెంకుటి బంగళా ఉందే, గేటు దగ్గర జవాను ఉంటాడు. అక్కడ దిగుతుంటాడు, వెళ్ళి చూడు" అన్నాడు.

ఇంకొకడైతే అక్కడే కళ్ళు తెరుచుకునేవాడు. అసిరయ్యకు మాత్రం గుండె నిండిపోయింది. తన కోసం నష్టానికి అమ్మాడు, ఒక్కనాడైనా చెప్పుకోలేదు, అదీ నేస్తరికమంటే అనుకుంటూ కంటోన్మెంటు దారి పట్టాడు.

బంగళా గేటు దగ్గర కానిస్టేబులు ఆపాడు. లోపల వరండాలో పేము కుర్చీలో ఒకాయన కూర్చుని పేపరు చదువుతున్నాడు. ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ. పాలెంలో మోకాళ్ళదాకా పంచె, భుజాన దారాల సంచీతో తిరిగే మనిషిని ఈ వేషంలో పోల్చుకోవడానికి అసిరయ్యకు కాసేపు పట్టింది. ఆయన తలెత్తి చూశాడు. కానిస్టేబులుకు వదలమని చెయ్యి ఊపాడు. కానిస్టేబులు కాళ్ళు దగ్గర పెట్టి సెల్యూటు కొట్టాడు.

"రా అసిరయ్యా, కూర్చో" అన్నాడు.

అసిరయ్య కూర్చోలేదు. చెంప మీద కొడితే కూడా అంత అదిరేవాడు కాదు.

"పేరెట్టి పిలిసినావేటి నేస్తం?"

"అదంతా అక్కడికి. ఇక్కడ మనిద్దరమే కదా."

మాట కూడా మారిపోయింది. రెండేళ్ళూ వాళ్ళతో వాళ్ళలాగే ఏటి, ఎవులు అంటూ మాట్లాడిన నోరు, ఇప్పుడు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతోంది. అసిరయ్య అది గమనించాడు. గమనించినా తను వచ్చిన పని మరిచిపోలేదు.

"సాయంత్రం సభ ఉన్నాది నేస్తం. సోములుగాడి మాట నాను నీతో ఒక్కడితోనే అన్నాను. నివ్వొచ్చి ఎవులికీ సెప్పనేదని పసుపు ముట్టుకో, సాలు. నేదంటే నన్ను వెలేస్తారు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నేను చెప్పాను అసిరయ్యా. చెప్పడమే నా ఉద్యోగం."

"ఉజ్జోగమేటి? నీది దారాల యాపారం కాదేటి?"

"దారం మీ ఇళ్ళలోకి రావడానికి. మీ ఒడ్డున ఎవరేం అనుకుంటున్నారో వినాలి, విన్నది పైకి పంపాలి. అదీ నేను చేసేది."

"పైకంటే ఎవులికి? కలెక్టరుగారికా?"

"ఆయనకి అక్కర్లేదు."

"మంత్రికా?"

"మంత్రిగారి మాటలు కూడా చాటుగా వినేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి."

అసిరయ్య వరండా స్తంభం పట్టుకున్నాడు. కోపం ఇంకా రాలేదు. మనిషి చెబుతున్నది తలకెక్కడం లేదు. అతనికి తెలిసిన లోకంలో ప్రతివాడూ ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకుంటాడు.

"నాను సేపల్లో వాటా దాసేసినాననుకో, పాలెమంతా కూకుని నన్ను నిలబెట్టి అడుగుతాది. లక్ష్ముడు మావ తప్పు సేసినా ఆడ్నీ నిలబెడతాది. నివ్వు తప్పు సేస్తే నిన్ను నిలబెట్టే సభ ఏది?"

"లేదు."

"ఎక్కడా నేదా? ఢిల్లీలో కూడా?"

"ఎవరూ అడక్కూడదనే కదయ్యా ఈ ఏర్పాటు" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. అదే అసిరయ్యకు ఎక్కువ మండింది.

"ఓటు మాదే అన్నారు. పెద్దోడికీ సిన్నోడికీ ఒకటే ఓటన్నారు. మరి మా ఓటు మాట మీకెందుకు? ఆ గుంటడు ఏటి సేసినాడు? దొంగతనం సేసినాడా? ఫలానా ఆయనకి ఓటెయ్యండని సెప్తానన్నాడు, అంతే కదా!"

"అందుకే. కొండల మీద గిరిజనుల గొడవలు చూస్తున్నావు కదా. ఇటు ఒడ్డున నరసింగరావు లాంటివాడు అసెంబ్లీకి వెళ్ళడం మా పైవాళ్ళకి ఇష్టం లేదు. ఓటు ఎవరిదీ లాక్కోలేదు మేం. మీ మనిషి ఒకడు నిలబడితే మీ ఓట్లు మీకే ఉంటాయి, నరసింగరావుకి పోవు. డబ్బు గణపతిరావు పెట్టాడు, పని మేం చూసుకున్నాం. ఆ జీపు ఆయనదే. మైకూ ఆయనదే."

ఆ జీపు పాలెంలోకి మొదటిసారి వచ్చిన రోజు ఆడవాళ్ళు హారతి ఇచ్చారు. ముందు సీట్లో అసిరయ్యే కూర్చుని, పెద్ద మొనగాడిలా చెయ్యి ఊపాడు. శత్రువు డబ్బుతో శత్రువు బండిలో తిరిగి శత్రువుకే ఓట్లు పోగుచేసి పెట్టారు. ఇది తెలిస్తే పాలేలు ఏమైపోతాయి అనుకున్నాడు.

"ఇదంతా మా బావకి తెలుసా?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "మీ బావనే అడుగు" అన్నాడు. తర్వాత కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని గొంతు తగ్గించాడు. "అసిరయ్యా, నీకొక మేలు చేద్దామని ఉంది. పోలింగు అయ్యేదాకా నోరు మూసుకుని ఉండు. వెలేస్తే వెయ్యనీ, కొన్నాళ్ళు ఓర్చుకో. ఓట్లు పడిన మర్నాడు సోములు ఇంటికొస్తాడు, నాది పూచీ. నువ్వు నోరు విప్పావా, ఆ కుర్రాడు ఎప్పుడొస్తాడో నేను చెప్పలేను."

"నోరు మూసుకోమంటావు."

"నీకు అలవాటేగా. నిన్న సభలో అంతసేపూ నా పేరు చెప్పకుండా నిలబడ్డావట. విన్నాను. నిజం చెబుతున్నా, బాధేసింది. ఎందుకంటే జగన్నాధం నా పేరు కాదు."

అసిరయ్య ఏ పేరు నాలుక మీదికి రాకుండా రెండేళ్ళు కాపాడుకున్నాడో, ఏ పేరు కోసం పాలెం ముందు దొంగలా నిలబడ్డాడో, ఆ పేరు గల మనిషే అసలు లేడు.

"మరి నీ పేరేటి?"

"అది నీకు అనవసరం."

"గంగమ్మ ముందు ఒకే ఆకులో తిన్నాం. అది కూడా ఉజ్జోగమేనా?"

ఆయన మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "ఆ పూట నిజంగానే ఆకలిగా ఉండింది" అన్నాడు.

అసిరయ్యకు అప్పుడు వచ్చింది కోపం. ఆ మనిషి గొంతు పట్టుకుని సముద్రందాకా ఈడ్చుకుపోవాలనిపించింది. గేటు దగ్గర కానిస్టేబులు ఇటే చూస్తున్నాడు. తను చెయ్యి చేసుకుంటే తనను కూడా సోములు పక్కన పడేస్తారు, సభకు చెప్పేవాడు ఉండడు. పళ్ళు బిగించి బయటికి నడిచాడు. రోడ్డు మీదికొచ్చాక మాత్రం, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా, చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

తిరుగు బస్సులో అతన్ని తినేసిన ఆలోచన ఒక్కటే. చెబితే సోములు జైల్లో మగ్గుతాడు. చెప్పకపోతే పాలేలన్నీ కళ్ళు మూసుకుని గణపతిరావును గెలిపిస్తాయి. తన వెలి సంగతి ఈ రెంటి మధ్యా ఎప్పుడో చిన్నదైపోయింది.

పాలెం చేరేసరికి సభ కూర్చుని ఉంది. లాగిపెట్టిన తెప్పల పక్కన మగవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. ఆడవాళ్ళు వెనక నిలబడ్డారు. సభలో పిలవందే ఆడవాళ్ళు మాట్లాడరు. ఫిర్యాదు తనది కాబట్టి లక్ష్మణమ్మ ఒక్కతే ముందుకొచ్చి కూర్చుంది. కాస్త దూరంలో జీపు ఆగి ఉంది. అప్పలసూరి తెల్లటి ఖద్దరు చొక్కాలో లక్ష్ముడి పక్కన కూర్చుని ఉన్నాడు. అసిరయ్యను చూసి, బావా రా అన్నట్టు తలాడించాడు. ఎప్పటిలాగే ప్రేమగానే చూశాడు.

"ఏటిరా అసిరయ్యా, పేరు సెప్తావా, సెప్పవా?" అన్నాడు లక్ష్ముడు.

అసిరయ్య అతనికి జవాబు చెప్పకుండా లక్ష్మణమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అత్తా, నాను నోరు మూసుకుంటే ఓట్లు పడ్డ మర్నాడు నీ కొడుకుని వొదిలేస్తారంట. నోరిప్పితే ఎప్పుడొస్తాడో తెల్దంట. ఇప్పుడు సెప్పు. ఇప్పీనా, మూసుకోనా?"

సభలో గుసగుసలు లేచాయి. లక్ష్మణమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. ఎండుచేపల ఉప్పుకు పగిలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"నోరు మూసుకోమని ఎవులన్నారో ఆడే నా కొడుకుని ఎత్తుకెళ్ళినోడు. ఆడి మాట నమ్మి నాను నిన్ను మూసుకోమంటే, రేపు నా గుంటడొచ్చి ఏలమ్మా అనడిగితే ఏటి సెప్తాను? ఇప్పీయి" అంది.

అసిరయ్య లేచి నిలబడ్డాడు. నేస్తం పేరు ఆ పాలెం ఇసుక మీద మొట్టమొదటిసారి పలికాడు.

"నాను సెప్పింది జగన్నాధానికి. ఆ పేరు గల మనిసి ఎక్కడా నేడు. ఆడు దారాలాయన కాదు, పోలీసోళ్ళకి సెవి. ఆ జీపు గణపతిరావుది, మైకు గణపతిరావుది. మనల్ని నిలబెట్టింది మన ఒట్టు కాదు, ఆడి డబ్బు. ఒట్టు మన సేత ఏయించినారు. నాను ఎదవని, ఆణ్ణి గంగమ్మ ముందుకి తెచ్చి నేస్తం కట్టినాను. నన్నేటి సేసినా సెయ్యండి. ఓట్లు మాత్రం గణపతిరావు సంచీలో ఎయ్యకండి. ప్లీడరుగారికి ఎయ్యండి."

కొందరు జీపు వైపు చూశారు. తర్వాత అందరి కళ్ళూ అప్పలసూరి మీదికి తిరిగాయి. అసిరయ్య కూడా చూశాడు. ఒక్క మాట, నాకు తెల్దు బావా అని ఒక్క మాట అంటాడేమోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూశాడు. అతను అలా అంటే నమ్మడానికి అసిరయ్య సిద్ధంగా ఉన్నాడు.

అప్పలసూరి నెమ్మదిగా లేచాడు. మైకు ముందు అలవాటైన గొంతు, ఎవరినీ నొప్పించని గొంతు.

"పెద్దలారా, మా బావ మీద నాకు కోపం నేదు. మనసు సెదిరి మాటాడతన్నాడు. ఆ దారాలాయన అసలు ఎవులో నాకు తెల్దు. పాలెంలోకి తెచ్చిందెవులు? మా బావ. నేస్తం కట్టిందెవులు? మా బావ. సోములు ఎక్కడున్నాడో ఆడికి సెప్పిందెవులు? ఇప్పుడే తన నోటితో ఒప్పుకున్నాడు. పొద్దున్న విజయనగరం ఎల్లొచ్చి, సాయంత్రానికి ప్లీడరుకి ఓటెయ్యమంటన్నాడు. ఎవులి దగ్గర ఏటి తీసుకున్నాడో నాను అడగను. నా సెల్లి మొగుడు కదా. సభే అడగాల."

ఆ గంపెడు అబద్ధాల్లో ఒక్కటి కూడా గొంతు పెంచి చెప్పలేదు. మెత్తగా పడ్డాయి, పడ్డచోట నిలిచాయి. జనం మొహాలు మారడం అసిరయ్య చూశాడు. నిన్న మొన్నటిదాకా తన తెప్ప మీద తాడు లాగినవాళ్ళు తల పక్కకు తిప్పుకున్నారు. బావ వైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే తెప్ప మీద సముద్రం నేర్చుకున్నారు. తను మునిగిపోతుంటే జుట్టు పట్టుకుని పైకి లాగిన చెయ్యి ఇదే.

లక్ష్ముడు గడ్డం గోక్కున్నాడు. "పేరు సెప్పమన్నాం. మనిసే నేని పేరు సెప్పినావు. దానికి సాచ్చికం నేదు. అసిరయ్యా, ఈ పొద్దునుంచి నీ తెప్ప మీద..." అని మొదలుపెట్టాడు.

"పెద్దయ్యా, ఆగు."

ఆ గొంతు ఆడవాళ్ళలోంచి వచ్చింది. పిలవకుండా మాట్లాడిన ఆ ఆడది ఎవరా అని మగవాళ్ళు విసురుగా వెనక్కి తిరిగారు. దానమ్మ. తోసుకుని ముందుకొచ్చింది. మొగుడి పక్కకు రాలేదు. అన్న ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"తెల్దంటావేటన్నా? ఆ మనిసి ఈ పాలెంలో అడుగెట్టకముందే నీ ఇంట్లో నీ పక్కన కూకుని తిన్నాడు. వొడ్డించింది నానే. పాలెంలో అందరూ నమ్మే మనిసెవులని ఆడడిగితే, నివ్వు సెప్పింది మా మావ పేరు, ఇదిగో ఈ నీ బావ పేరు."

"ఒసే, నోరు ముయ్యి!" అన్నాడు అప్పలసూరి. ఆ గొంతులో మెత్తదనం పోయింది.

"రెండేళ్ళు మూసినాను. తోడబుట్టినోడివని మూసినాను."

అసిరయ్య పెళ్ళాం వైపు చూశాడు. సభ గుర్తు రాలేదు, వెలి గుర్తు రాలేదు. గంగమ్మ ముందు తను ఆ మనిషితో ఒకే ఆకులో తింటుంటే, పక్కన నిలబడి నీళ్ళు పోసింది దానమ్మే. నిన్న సాయంత్రం తను పేరు పలకకుండా ఇదే ఇసుకలో నిలబడి ఉన్నంతసేపూ, ఆ మనిషిని పంపింది అప్పలసూరేనని ఆమెకు తెలుసు. తెలిసి, ఇంటికొచ్చాక అన్నం పెట్టింది.

దానమ్మ మొగుడి మొహం చూడలేకపోయింది. అన్న మొహంలోకే చూస్తూ అంది.

"ఆ పూట నీ ఇంట్లో నివ్వు ఆణ్ణి జగన్నాధం అని పిలవనేదు. నివ్వు పిలిసిన ఆ పేరు నానే సెప్పీనా, నివ్వు సెప్తావా అన్నా?"